డ్రాగన్‌ని చంపేశాం సరే, ఈ బంగారం అంతా ఏం చేసుకోవాలి?

డంజియన్స్ అండ్ డ్రాగన్స్, అంటే టేబుల్ చుట్టూ కూర్చుని డైస్ వేస్తూ సాహసకథ ఆడే గేమ్, ఆడేవాళ్ళందరికీ ఈ బాధ తెలుసు. లెవెల్ 1లో ఉన్నప్పుడు యాభై అడుగుల తాడు ఒక గోల్డ్ పీస్ (జీపీ, బంగారు నాణెం) అంటే అరగంట బేరమాడతాం, 50 జీపీల హీలింగ్ పోషన్ ఒక్కటి కొనడానికి పార్టీ, అంటే మన జట్టంతా చందాలేసుకుంటాం, చచ్చిన గాబ్లిన్ కాళ్ళకున్న చెప్పులు కూడా వదలం. ఫైటర్ అయితే 1,500 జీపీల ప్లేట్ ఆర్మర్ వైపు, షోరూమ్ బయట నిలబడి బుల్లెట్ బండిని చూసే డిగ్రీ కుర్రాడిలా చూస్తూ ఉంటాడు. అదే లెవెల్ 15 దాటాక చూడండి, కథ నడిపే డీఎమ్ (డంజియన్ మాస్టర్) పాపం గొంతు మార్చి మరీ "పెట్టె నిండా పద్నాలుగు వేల బంగారు నాణేలు" అంటే ఒక్కడు తలెత్తడు, "మ్యాజిక్ ఐటమ్ ఏమన్నా ఉందా లేదా అది చెప్పు" అంటారు. ఆ పద్నాలుగు వేలు తమ క్యారెక్టర్ వివరాలుండే షీట్‌లో ఎక్కడో మూల రాసుకుంటారు, కొంతమంది అదీ రాసుకోరు.

ఊరికే అనట్లేదు, లెక్క చూడండి. 2014లో వచ్చిన ఐదో ఎడిషన్ డీఎమ్ గైడ్‌లో నిధుల టేబుల్స్ ఉంటాయి కదా, రాక్షసుల బలం చెప్పే ఛాలెంజ్ రేటింగ్ 17, ఆ పైన ఉన్న వాటిని చంపితే దొరికే నిధికి పన్నెండు డైస్ వేసి వెయ్యితో గుణిస్తే బంగారం, ఎనిమిది డైస్ వేసి వెయ్యితో గుణిస్తే ప్లాటినం. సగటున 42,000 బంగారం, 28,000 ప్లాటినం. ఒక ప్లాటినం పది బంగారాలు, అంటే ఒక్క నిధిలోనే 3,22,000 జీపీ. ఇలాంటివి ఒక మామూలు క్యాంపెయిన్‌లో, అంటే చాలా సెషన్లు సాగే ఒకే కథలో, ఎనిమిది దొరుకుతాయని ఆ పుస్తకమే చెప్తుంది. కింద లెవెల్స్‌లో దొరికినవన్నీ కలిపితే మొత్తం దాదాపు 30 లక్షలు, రత్నాలు, విగ్రహాలు, మ్యాజిక్ సామాన్లు కాకుండానే. నలుగురు ప్లేయర్లుంటే తలా ఏడున్నర లక్షలు. అదే గేమ్‌లో దొరబాబులా బతకడానికి రోజుకి 10 జీపీ చాలు, అంటే ఒక్కో క్యారెక్టర్ కాలు మీద కాలేసుకుని 205 ఏళ్ళు కూర్చుని తినొచ్చు. వందల ఏళ్ళు బతికే ఎల్ఫ్ అయితే ఆ తర్వాత ఏదో ఒక పని వెతుక్కోవాలి, మనిషైతే అదీ అక్కర్లేదు.

ఇంకో సంగతి, ఈ బరువు ఎవడూ పట్టించుకోడు గానీ ఆ ఒక్క నిధిలో 70,000 నాణేలు, పౌండుకి యాభై చొప్పున 1,400 పౌండ్లు, మన లెక్కలో 635 కిలోలు. బ్యాగ్ ఆఫ్ హోల్డింగ్ అనే మాయసంచి ఒక్కొక్కటి 500 పౌండ్లే పడుతుంది, కాబట్టి మూడు బ్యాగులు కావాలి. మా టేబుల్ మీద ఒకసారి దీని గురించే సెషన్‌లో సగం గడిచిపోయింది, డ్రాగన్‌తో ఫైట్ కన్నా అదే బాగుందని ఇప్పటికీ అంటారు మావాళ్ళు.

అసలు ఈ తలనొప్పి మొదట్లో లేదు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ఈ గేమ్ తెచ్చినప్పుడు డంజియన్‌లోంచి బయటికి తెచ్చిన ఒక్కో గోల్డ్ పీస్‌కి ఒక్కో ఎక్స్‌పీ, అంటే లెవెల్ పెంచే పాయింటు. బంగారం ఇంటికి తేవడమే ఆట, ఇంటికొచ్చాక దాన్ని చెరువులో పోసినా లెవెల్ మాత్రం పెరిగిపోయినట్టే. ఆర్నెసన్ తన బ్లాక్‌మూర్ క్యాంపెయిన్‌లో ఇంకో మెలిక పెట్టాడు, తెస్తే చాలదు, క్యారెక్టర్‌కి ఇష్టమైన వ్యాపకం మీద ఖర్చు పెడితేనే ఎక్స్‌పీ అన్నాడు, ఒకడికి తాగుడు, ఒకడికి దైవభక్తి, ఒకడికి ఏదో పిచ్చి హాబీ. నాకైతే ఈ యాభై ఏళ్ళలో డబ్బు గురించి ఎవరూ ఇంతకన్నా మంచి రూల్ రాయలేదనిపిస్తుంది. ఎందుకంటే ఖర్చు పెట్టడంలోనే మనిషి ఎవడో బయటపడిపోతాడు. దోచుకోవడంలో అందరూ ఒకటే.

తర్వాత 1979 నాటి అడ్వాన్స్‌డ్ డీఎమ్ గైడ్‌కి వచ్చేసరికి గైగాక్స్ నాణేలు పీల్చే పంపులు పెట్టాడు. లెవెల్ పెరగాలంటే గురువు దగ్గర ట్రైనింగ్, వారానికి లెవెల్ ఇంటూ 1,500 జీపీ. నెల నెలా ఖర్చులు లెవెల్‌కి వంద. అది కాక ఫైటర్ లెవెల్ 9కి వస్తే కోట కట్టుకుని చుట్టుపక్కల అడవిని శుభ్రం చేసి జనాన్ని దింపుకోవచ్చు, తలకి నెలకి 7 వెండి నాణేలు పన్ను వస్తుంది. అంటే తొమ్మిదో లెవెల్ దగ్గర ఆట మొత్తం మారిపోతుంది, నిన్నటిదాకా గుహలు దూరినవాడు ఇవాళ దొర, జమాఖర్చులు చూసుకోవాలి. 1984 కంపానియన్ సెట్‌లో అయితే రాజ్యం నడపడానికి పూర్తి రూల్సే ఇచ్చారు. ఆ రూల్స్ ఎంతమంది నిజంగా ఆడారో గానీ, బంగారం దేనికి అన్న ప్రశ్నకి మాత్రం అప్పట్లో సమాధానం ఉంది.

మూడో ఎడిషన్‌లో దాన్ని షాపింగ్ చేసేశారు. దెబ్బకి ఒక పాయింటు కలిపే ప్లస్ వన్ కత్తి కావాలంటే మ్యాజిక్‌కి 2,000, ప్లస్ ఫైవ్ అయితే 50,000, లెవెల్ 20 క్యారెక్టర్ దగ్గర ఇంత ఆస్తి ఉండాలని 7,60,000 జీపీ లెక్క కూడా ఇచ్చారు. పైన మనం వేసిన ఏడున్నర లక్షల లెక్కకి ఇది దాదాపు సమానం, చూశారా. తేడా ఏంటంటే అప్పుడు ఆ డబ్బు పెట్టి కొనడానికి ఏదో ఒకటి ఉండేది. కానీ నాకు ఆ పద్ధతి నచ్చదు. సెషన్ అయిపోగానే అందరూ పుస్తకం ముందేసుకుని ఎక్సెల్ షీట్లు నింపుకోవడం, పాత కత్తి సగం ధరకి అమ్మి కొత్తది కొనడం, ఇందులో సాహసం ఏముంది, ఈఎమ్ఐ ఒక్కటే తక్కువ. 2014 ఎడిషన్ ఆ షాపు మూసేసింది, మంచి పనే, కానీ నిధుల టేబుల్ మాత్రం పెద్దగా తగ్గించలేదు, గొడవంతా అక్కడే మొదలైంది. 2024 డీఎమ్ గైడ్‌లో మళ్ళీ ధరలు పెట్టారు, లెజెండరీ ఐటమ్ 2 లక్షలు, వెరీ రేర్ 40,000. బాస్టియన్ అని సొంత స్థావరం కూడా లెవెల్ 5 నుంచి ఇస్తున్నారు, బాగుంది, కాకపోతే అందులో పనికొచ్చే స్పెషల్ గదులన్నీ లెవెల్‌తో పాటు ఫ్రీగా వచ్చేస్తాయి, డబ్బు పెట్టి కట్టుకునే మామూలు గదుల్లో అన్నిటికన్నా పెద్దది 3,000 జీపీ. ఏడున్నర లక్షలున్నవాడికి అది టిఫిన్ ఖర్చు.

స్పెల్స్‌కి పోతుంది కదా డబ్బు అంటారు కొందరు. పోతుంది, కొంచెం. చచ్చినవాణ్ణి వెంటనే లేపాలంటే 300 జీపీల వజ్రం, ఎప్పుడో పోయినవాణ్ణి లేపే ట్రూ రిసరెక్షన్ అయితే 25,000, మనిషికి నకలు తయారుచేసే సిమ్యులాక్రమ్‌కి 1,500 జీపీల కెంపుల పొడి, హీరోస్ ఫీస్ట్ వేసిన ప్రతిసారీ వెయ్యి జీపీల గిన్నె మాయం. ఇవన్నీ మెయింటెనెన్స్ ఖర్చులు, కరెంటు బిల్లు కట్టి గర్వపడేవాణ్ణి నేను చూడలేదు. వజ్రాలు ఆ ఊళ్ళో దొరకవు అని చెప్తే మాత్రం కథ ఉంటుంది.

మరి కోట? ఐదో ఎడిషన్ లెక్కలో చిన్న కోట 50,000 జీపీ, 400 రోజులు. పెద్ద రాజభవనం 5 లక్షలు, 1,200 రోజులు, తర్వాత రోజుకి 400 జీపీ మెయింటెనెన్స్, జీతగాళ్ళు మూడొందల మంది. డబ్బు కరిగే మాట నిజమే. కానీ ప్రపంచం మునిగిపోతోందని పరిగెత్తే క్యాంపెయిన్‌లో 1,200 రోజులు ఎక్కడివి, మూడేళ్ళు పైన. పైగా కట్టిన తర్వాత ఆ భవనంలో ఎవడూ ఉండడు, పార్టీ మొత్తం ఏదో నరకలోకంలో తిరుగుతూ ఉంటుంది, కోట ఖాళీగా తాళమేసి ఉంటుంది, అమెరికాలో ఉండి ఊళ్ళో డూప్లెక్స్ కట్టిన వాళ్ళని చూస్తూనే ఉన్నాంగా.

నేను డీఎమ్‌గా ఇన్నాళ్ళూ చూసినదాన్ని బట్టి నాకు అనిపించేది ఒకటే. క్యారెక్టర్ షీట్ మీద కనిపించే ఖర్చు బోరు, మ్యాప్ మీద కనిపించే ఖర్చు మజా. లెవెల్ 15 వాడికి ఇంకో ప్లస్ వన్ ఇస్తే ఆ సాయంత్రానికే మర్చిపోతాడు. అదే వాడి డబ్బుతో ఒక ఊరి రూపం మారితే, ఆ ఊళ్ళో వాడి పేరు మీద ఏదైనా ఉంటే, వాడు దాన్ని కాపాడ్డానికి చావడానికి కూడా రెడీ అయిపోతాడు.

దీనికి ఫాంటసీ పుస్తకాలు తిరగేయక్కర్లేదు, మన దగ్గరే ఒక లిస్ట్ తయారుగా ఉంది. సప్తసంతానాలు. చెరువు, గుడి, తోట, అగ్రహారం, కావ్యం, నిధి, కొడుకు. మన పాత రాజులకీ సేనానులకీ సెట్టిలకీ సరిగ్గా ఇదే సమస్య మరి, యుద్ధాలు గెలిచారు, ఖజానా నిండింది, తర్వాత ఏంటి? రామప్ప గుడి 1213లో కట్టించింది రాజు కాదు, కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు. మన భాషలో చెప్పాలంటే లెవెల్ 9 దాటిన ఫైటర్. ఇందులో కొడుకు సంగతి డీఎమ్‌లు డీల్ చేయడం కష్టం గానీ మిగతా ఆరూ ఆటకి అతికినట్టు సరిపోతాయి.

చెరువు గురించి కొంచెం ఎక్కువ చెప్తా, నా ఫేవరెట్ కాబట్టి. కడప జిల్లా పోరుమామిళ్ళలో 1369 నాటి శాసనం ఒకటి ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు అక్కడ చెరువు తవ్వించి ఆ శాసనం వేయించాడు. అందులో రోజూ వెయ్యి మంది కూలీలు పనిచేశారని, రాళ్ళు తోలడానికి వంద బళ్ళు పెట్టారని, రెండేళ్ళు పట్టిందని స్పష్టంగా ఉంటుంది. డబ్బు ఎంతయిందో మాత్రం లెక్క కట్టలేదు. సరే మనం కడదాం. ఐదో ఎడిషన్‌లో మామూలు కూలీకి రోజుకి 2 వెండి, వెయ్యి మందికి రోజుకి 200 జీపీ, రెండేళ్ళకి 1,46,000. బండివాడు పని తెలిసినవాడు కాబట్టి రోజుకి 2 జీపీ, వంద బళ్ళకి అదీ 200, ఇంకో 1,46,000. మొత్తం 2,92,000. పైన లెక్కేసిన నిధి ఎంత? 3,22,000. అంటే ఒక డ్రాగన్‌ని చంపితే ఒక చెరువు వస్తుంది, మిగిలిన ముప్పై వేలు తూములకి, కాలవలకి, మేస్త్రీలకి. ఈ లెక్క మొదటిసారి వేసినప్పుడు నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను, ఎవడో అమెరికాలో కూర్చుని వేసిన డైస్ టేబుల్‌కీ, రాయలసీమలో ఆరొందల యాభై ఏళ్ళనాటి రాతిపలకకీ లెక్క సరిపోతోంది.

అయితే అసలు బంగారుగని ఆ శాసనంలో తర్వాత వస్తుంది. మంచి చెరువుకి పన్నెండు అంగాలు ఉండాలట, ఆరు దోషాలు ఉండకూడదట. పన్నెండులో మొదటిదే ధర్మం తెలిసి, డబ్బుండి, కీర్తి కోసం ఆశపడే రాజు. తర్వాత జలశాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి మట్టి నేల, తియ్యటి నీళ్ళ నది, కట్టకి అటూ ఇటూ కొండ, దగ్గర్లో పొడవాటి రాళ్ళు దొరికే గని, పనితనం తెలిసిన మనుషులు, ఇలా వెళ్తుంది. డీఎమ్ కళ్ళతో చదవండి దీన్ని, ఒక్కో అంగం ఒక్కో అడ్వెంచర్. పండితురాలు ఎక్కడో మెడూసా గుహలో రాయైపోయి ఉంది, రాళ్ళ గనిలో స్టోన్ జెయంట్లు కాపురముంటున్నారు, నదిలో ఉన్న నాగకన్యకి ఆనకట్ట ఇష్టం లేదు, ఆమెది కూడా న్యాయమైన గొడవే. దోషాల్లో ఒకటి చూసి నేను పకపకా నవ్వాను, చెరువు రెండు రాజ్యాల సరిహద్దులో ఉండకూడదు. పద్నాలుగో శతాబ్దంలోనే నీళ్ళ గొడవల సంగతి అంత బాగా తెలుసు వాళ్ళకి, మనకి ఇప్పటికీ ట్రిబ్యునళ్ళు నడుస్తున్నాయి.

రెండేళ్ళు పడుతుంది కదా, కోట గురించి తిట్టి దీన్ని పొగుడుతావేంటి అంటారేమో. కోట కట్టినంతకాలం ఏమీ జరగదు, చెరువు కట్టినంతకాలం కథ నడుస్తూనే ఉంటుంది, అదే తేడా. పైగా పార్టీ సొంత మ్యాజిక్ కూడా పనికొస్తుంది, ప్రకృతి మంత్రాలు వేసే మా డ్రూయిడ్ మూవ్ ఎర్త్‌తో మట్టి జరిపేస్తుంటే విజర్డ్ వాల్ ఆఫ్ స్టోన్‌తో కట్ట లేపేస్తున్నాడు, నెలల పని రోజుల్లో అయిపోతోందని వాళ్ళు సంబరపడుతుంటే కూలీల మేస్త్రి వచ్చి నిలబడ్డాడు. రెండేళ్ళ పని అని చెప్పి పక్క జిల్లాల నుంచి పిలిపించారు దొరా, పిల్లాజెల్లతో వచ్చాం, ఇప్పుడు మీరు చేతులూపి అవగొట్టేస్తే మా కూలి సంగతేంటి అన్నాడు. ఇరవై అడుగుల డెవిల్‌ని చూసి భయపడని పార్టీ అక్కడ నీళ్ళు నమిలింది. చివరికి స్పెల్స్ ఆపేసి పూర్తి కూలి ఇవ్వడానికి ఒప్పుకున్నారు, ధర్మానికి ఒట్టేసుకున్న ఒక్క పలాడిన్ తప్ప ఎవరూ సంతోషంగా లేరు.

గుడి విషయంలో నేను ఒక్కటే చెప్తా, తులాభారం పెట్టండి. ఐదో ఎడిషన్‌లో పౌండుకి యాభై నాణేలు కాబట్టి 200 పౌండ్ల బార్బేరియన్‌ని త్రాసులో కూర్చోబెడితే సరిగ్గా 10,000 జీపీ, ఒక తెరచాప ఓడ ధర. కవచంతో కూర్చుంటే ఇంకా ఎక్కువ, ఆ ప్లేట్ ఆర్మర్ 65 పౌండ్లు, దానికే ఇంకో 3,250 జీపీ. మా బార్బేరియన్ గొడ్డలి కూడా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు, దేవుడికి తక్కువ చేయకూడదంట. దొంగతనాలు చేసే రోగ్ మాత్రం ముందు రోజు నుంచి ఉపవాసం. వీటికి రూల్స్ ఏమీ అక్కర్లేదు, డబ్బు కళ్ళ ముందు కుప్పగా పోస్తే ఎవడి బుద్ధి ఏంటో వాడే చూపించుకుంటాడు. రూల్ కావాలంటే ఆ ఊళ్ళో ఆ దేవుడి భక్తులు ఇక మీ వైపే అని చెప్పేయండి, చాలు.

కావ్యం కూడా చాలామంది వదిలేస్తారు. డబ్బున్నవాడు కవిని పెట్టుకుని తన పేరు మీద కావ్యం రాయించుకోవచ్చు, దానికి రాజే అవ్వక్కర్లేదు, శ్రీనాథుడంతటి వాడు ఒక కావ్యాన్ని సుగంధద్రవ్యాల వ్యాపారి అవచి తిప్పయ్య సెట్టికి అంకితమిచ్చాడు. పార్టీలో రోగ్‌కి సమాజంలో మర్యాద లేదనుకోండి, ఇది వాడికి మంచి దారి. కవికి పదివేలు ఇస్తాడు, కవి ఇంకా కావాలంటాడు, రోగ్ చేసిన దొంగతనాలన్నీ పద్యాల్లో దివ్యలీలలైపోతాయి, ఆ పద్యాలు ఊరూరా పాకుతాయి, ఇక మారువేషంలో ఏ సత్రానికి వెళ్ళినా జనం గుర్తుపడతారు. స్టెల్త్ మీద బతికేవాడికి ఇంతకన్నా శిక్ష లేదు. డబ్బులిచ్చి మరీ కొనుక్కున్నాడు.

సప్తసంతానాల్లో లేనిది ఒకటి చెప్పాలి, అప్పు. మన పార్టీ దగ్గర 30 లక్షలున్నాయంటే ఆ రాజ్యంలో రాజు కన్నా ఎక్కువ రొక్కం వీళ్ళ దగ్గరే ఉన్నట్టు, ఆ సంగతి రాజుకి తెలియకుండా ఉంటుందా? 1519లో ఐదో ఛార్లెస్ పవిత్ర రోమన్ చక్రవర్తిగా ఎన్నికవ్వడానికి ఓటు ఉన్న ప్రభువులకి పంచిన డబ్బులో సగానికి పైగా యాకోబ్ ఫుగ్గర్ అనే ఒక్క వ్యాపారి ఇచ్చిన అప్పే. ఆ తర్వాత చక్రవర్తి అప్పు తీర్చడానికి నసుగుతుంటే, నా డబ్బు లేకపోతే నీకు కిరీటం వచ్చేదా అన్న ధోరణిలో ఫుగ్గర్ ఉత్తరం రాశాడు. అలాంటి ఉత్తరం రాసే స్థితిలో మీ ప్లేయర్లని ఒకసారి పెట్టి చూడండి. రాజు రాత్రిపూట రహస్యంగా వస్తాడు, 4 లక్షలు కావాలంటాడు, తాకట్టుకి ఏమిస్తావు అంటే వెండి గనులో, రేవు సుంకమో, కూతురి పెళ్ళో అంటాడు. అప్పు ఇచ్చిన క్షణం నుంచి ఆ రాజు బతికి ఉండటం పార్టీకి అవసరం. ఇక వాడి మీద కుట్ర జరుగుతోందని తెలిస్తే వాళ్ళని కథలోకి లాగడానికి నేను ప్లాట్ హుక్ వేయక్కర్లేదు, వాళ్ళే కత్తులు తీసుకుని పరిగెడతారు.

రేవు సుంకం దొరికితే దాన్నీ వాడుకోండి. గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో ఇచ్చిన అభయ శాసనం తెలుసుగా, అంతకు ముందు రాజులు తుఫానుకి ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల్లో సరుకంతా లాగేసుకునేవాళ్ళు, మేం సుంకం తప్ప ఏమీ తీసుకోం, ధైర్యంగా రండి అని వర్తకులకి మాటిచ్చాడు. ప్లేయర్ చేతిలో రేవు పెట్టి, మొదటి తుఫానుకే లక్ష జీపీల సరుకున్న ఓడని ఒడ్డుకి విసిరేయండి. ఏం చేస్తాడో చూద్దాం.

యుద్ధం గురించి పెద్దగా చెప్పేదేం లేదు, డబ్బు తగలెయ్యడానికి అంతకన్నా సులువైన దారి లేదు. వెయ్యి మంది సైనికులకి తలా రోజుకి 2 జీపీ అంటే ఏడాదికి 7,30,000. ఒక క్యారెక్టర్ పుట్టినప్పటి నుంచి డ్రాగన్లని చంపి కూడబెట్టిన వాటా దాదాపు అంతా ఒక్క ఏడాదిలో జీతాలకి అయిపోతుంది, ఇంకా తిండి, గుర్రాలు లెక్కలోకి రాలేదు.

ఒక మాట జాగ్రత్త, ఇంత బంగారం ఒక్కసారి ఊళ్ళోకి దిగితే ధరలు ఊరుకోవు. 1324లో మాలి చక్రవర్తి మన్సా మూసా హజ్ యాత్రకి వెళ్తూ కైరోలో బంగారం ఎంత పంచాడంటే అక్కడ బంగారం విలువే పడిపోయింది, పన్నెండేళ్ళ తర్వాత కూడా కోలుకోలేదని చరిత్రకారుడు అల్ ఉమరీ రాశాడు. ఇది ప్రతి కొనుగోలుకీ చెయ్యకండి, ప్లేయర్లు విసుక్కుంటారు. ఒకే ఒక్కసారి చెయ్యండి, వాళ్ళు మొదట ఉన్న పల్లెటూరికి తిరిగి వెళ్ళి పెద్దమనసుతో సంచులు విప్పినప్పుడు. వారం తిరిగేసరికి రొట్టె ధర పదింతలు, ఆ డబ్బు అందని వాళ్ళు పస్తులు. ఊరివాళ్ళ మొహాలు చూడాలి అప్పుడు.

ఇక నిధి. సప్తసంతానాల్లో నిధి పాతిపెట్టడం కూడా ఉందంటే మొదట్లో నాకు వింతగా ఉండేది, తర్వాత ఆలోచిస్తే మన గేమ్‌లో ఉన్న డంజియన్లన్నిటికీ కారణం ఇదేగా. ఎప్పటిదో ఒక లెవెల్ 20 పార్టీ మిగిలిన డబ్బు ఏం చేయాలో తెలియక భూమిలో దాచి ట్రాపులు పెట్టి పోయింది, దాన్నే మనం లెవెల్ 3లో తవ్వుకుంటున్నాం. అందుకే క్యాంపెయిన్ ముగింపులో మా ప్లేయర్లకి ఒక పని ఇస్తాను, మిగిలిన బంగారంతో మీ సొంత డంజియన్ కట్టండి, మ్యాప్ మీరే గీయండి, ట్రాపులు మీరే పెట్టండి, కాపలా ఎవరో మీరే చెప్పండి, ఖర్చు నిజాయితీగా లెక్కేయండి. నేను అదంతా దాచుకుని, తర్వాతి క్యాంపెయిన్‌లో రెండొందల ఏళ్ళు ముందుకి జరిపి, అదే ప్లేయర్ల కొత్త లెవెల్ 1 క్యారెక్టర్లని అందులోకి తోలతాను. తాను పెట్టిన ట్రాప్‌లోనే తాను పడి, ఏ వెధవ పెట్టాడ్రా ఇది అని అరిచినవాడు మా టేబుల్ మీదే ఉన్నాడు. క్యారెక్టర్‌కి తెలియదు కాబట్టి తప్పించుకోనని నిజాయితీగా పడ్డాడు, అది ఒప్పుకోవాలి.

ప్రాక్టికల్‌గా చెప్పాలంటే ఇవన్నీ నడపడానికి నాణెం నాణెం లెక్క రాయొద్దు, లెవెల్ 12 దాటాక మేం వెయ్యి జీపీ కన్నా తక్కువ ఖర్చు అసలు రాయం, సత్రం బిల్లు అడిగినవాడికి ఫైన్. ధర ముందే చెప్పేయండి, చెరువు 3 లక్షలు, కావ్యం 20 వేలు, సైన్యం నెలకి 60 వేలు, రెస్టారెంట్ మెనూలాగా ముందు పెట్టండి, అప్పుడు వాళ్ళలో వాళ్ళు కొట్టుకుంటారు, మీకు టీ తాగే టైమ్ దొరుకుతుంది. పెట్టిన ఖర్చుకి ఫలితం రెండు మూడు సెషన్లలో ఏదో ఒక రూపంలో కనిపించాలి, లేకపోతే మళ్ళీ షీట్‌లో మూల రాసుకునే పరిస్థితికే వచ్చేస్తారు. అందరి డబ్బు ఒకే కామన్ ఫండ్‌లో వేయించకండి కూడా, ఎవరి వాటా వాళ్ళ దగ్గరుంటేనే ఎవడి పిచ్చి వాడిది బయటికొస్తుంది, కామన్ ఫండ్ అంటే అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగే.

మాది ఇప్పుడు చెరువు కట్ట సగం లేచింది. పొరపాటున కాదు, కావాలనే సరిహద్దు మీద పెట్టారు మావాళ్ళు, అక్కడైతే నీళ్ళు బాగా నిలుస్తాయని డ్రూయిడ్ పట్టు. వచ్చే ఆదివారం పక్క రాజ్యం నుంచి రాయబారి వస్తున్నాడు, వాడితో మాట్లాడటానికి ఎవరు వెళ్ళాలా అని వాట్సాప్ గ్రూపులో తెగ కొట్టుకుంటున్నారు, బార్బేరియన్ తానే వెళ్తానంటున్నాడు, మిగతావాళ్ళంతా వద్దంటున్నారు. విజర్డ్ ఇదే సందులో సిమ్యులాక్రమ్ చేసుకుంటాను, కెంపుల పొడికి 1,500 చెరువు డబ్బుల్లోంచి ఇవ్వండి, కావాలంటే ఆ సిమ్యులాక్రమ్‌ని కూలికి పంపిస్తా అంటున్నాడు. మేస్త్రిని అడిగి చెప్తామన్నాం.